రోకలి పరేడు

"కాలరు కాడ గంజి బాగా పట్టించుమ్మే, రేపు ఎస్పీ సార్ వస్తాడు," అన్నాడు మునీంద్ర, గడప మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ.

నేను బాత్రూం ముందు పీట వేసుకుని ఆయన ఖాకీ చొక్కాను గంజిలో ముంచుతున్నాను. పొద్దు గూకినా కింద బండలు ఇంకా కాలుతూనే ఉన్నాయి. మునీంద్ర నా మొగుడు. ఇద్దరం ఒకే ఆర్మ్‌డ్ రిజర్వులో కానిస్టేబుళ్ళం. ఒకే బ్యాచి, ఒకే జీతం, ఒకే రంగు గుడ్డ. తేడా ఒక్కటే. ఆయన గన్ పార్టీలో ఉంటాడు, నేను పూల ట్రే పట్టుకుంటాను. మా శాఖలో ఎవరైనా డ్యూటీలో చనిపోతే గన్ పార్టీ వరసగా నిలబడి గాల్లోకి మూడుసార్లు కాల్చి వందనం చేస్తుంది. అంతకు ముందు అధికారులు శవం మీద పెట్టే పూలగుచ్ఛాలను ట్రేలో పట్టుకుని పక్కన నిలబడ్డానికి ఒక ఆడమనిషి కావాలి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆ ఆడమనిషిని నేనే. చేతులు పడిపోతాయి, ముఖం మాత్రం పూలలాగే ఉండాలి.

చావు డ్యూటీ నుంచి వచ్చిన మనిషి మైలతో ఇంట్లో అడుగు పెట్టకూడదని మా అత్త అంజనమ్మ పెట్టిన రూలు. మునీంద్ర అలాంటి డ్యూటీకి పోయిన రోజు నేను గేటు దగ్గర బకెట్టు, చెంబు, తువ్వాలు పెట్టుకుని కాచుకుని ఉండాలి. మరి నేనూ అదే డ్యూటీకి పోయి, ఆయన బండి వెనక కూర్చుని తిరిగొచ్చిన రోజున? అప్పుడూ నేనే దిగి, వీధి కుళాయి దగ్గర బకెట్టు నింపి, మోసుకొచ్చి ఆయన ముందు పెట్టాలి. ఒకసారి ప్రాణం విసిగి ముందు నేనే పోసుకుందామని చెంబు అందుకున్నాను. ఆయన నవ్వుతూ లాక్కున్నాడు. "కాల్చినోళ్ళకు ముందు నీళ్ళు. పూలు పట్టుకున్నదానివి, నీకేం తొందర?" అన్నాడు. ఆ మాట ఆయన అప్పుడే మరచిపోయి ఉంటాడు. నేను మాత్రం మరవలేదు.

రేపటి చావు మా సలోమి మేడంది.

రాసుకుంటుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. ఆ రోజు మధ్యాహ్నం ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని రోడ్డు పొడవునా తాళ్ళు కట్టి ఆడపోలీసులను నిలబెట్టారు. ఆ తాడు పట్టుకునే, మేడం నిలబడిన చోటే కూలిపోయింది. వడదెబ్బ అన్నారు డాక్టర్లు. వడదెబ్బే, కాదనను. కానీ ఆ వడదెబ్బ వెనక కథ ఆడపోలీసులందరికీ తెలుసు. బందోబస్తులో మగవాళ్ళకు ఒక చెట్టు చాలు, ఒక గోడ చాలు. చుట్టుపక్కల మరుగుదొడ్డి లేకపోతే మేము పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు తాగం. నాలుక పిడచగట్టుకుపోయినా తాగం. అందుకే ఆమె ఎక్కడ డ్యూటీ పడినా జీపు దిగగానే, "పెద్దాయన యాడికొస్తాడో తర్వాత సూద్దాం. ముందు బాత్రూం యాడుండాదో సూడండే పిల్లా," అనేది. ఆ రోజు కూడా ఒక ఇల్లాలిని బతిమాలి, ఆ ఇంటి బాత్రూంకి కానిస్టేబుల్ పిల్లలందరినీ వంతులేసి పంపించిందట. అందరూ అయ్యాక తన వంతు అందట. ఆ వంతు రానేలేదు.

నేను ఆ రోజు ఖైదీల ఎస్కార్టులో కోర్టు దగ్గర ఉన్నాను. కబురు విన్నాక ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంట పుట్టింది. ఆ మంటతోనే గంజి కాచాను, ఆయన చొక్కా పిండి ఆరేశాను, నా చొక్కా కూడా తీసి ముంచాను.

"ఆ రెండోది నీదా? ట్రే పట్టుకునేదానికి ఇంత గంజి యాల?" అన్నాడు మునీంద్ర.

"ఊరికే," అన్నాను.

ఊరికే కాదు. అది చెప్పాలంటే రోకళ్ళ సంగతి చెప్పాలి.

సలోమి మేడంది బేతంచెర్ల పక్కన పల్లె. తండ్రి గనిలో రాయి కొట్టేవాడు, అన్న శాంతయ్య ఇప్పటికీ పాలిష్ ఫ్యాక్టరీలో బండలు కోస్తాడు. ఆమె కానిస్టేబుల్‌గా చేరిన రోజుల్లో ఆడవాళ్ళకని కొలతలు తీసి యూనిఫాం కుట్టేవాళ్ళే లేరట. మగవాళ్ళ ప్యాంటు ఇచ్చి నడుం దగ్గర మడుచుకోమన్నారట. మొదట ఫోను దగ్గర కూర్చోబెట్టారు, తర్వాత టీ కప్పుల దగ్గర నిలబెట్టారు. డ్రిల్ నేర్పించే కోర్సుకు పంపమని అర్జీ మీద అర్జీ పెట్టింది. చివరికి ఆమె పోరు పడలేక పంపించారు. ఆ కోర్సులో మగవాళ్ళందరినీ దాటి మొదటి స్థానంలో నిలబడి కప్పు పట్టుకుని తిరిగొస్తే, మా యూనిట్‌లో ఆమెకు ఏం బాధ్యత ఇచ్చారో తెలుసా? ఆడపిల్లలు పూల ట్రే వంకర లేకుండా పట్టుకుంటున్నారా లేదా చూసుకునే బాధ్యత. ఇది చెప్పేటప్పుడు ఆమె పగలబడి నవ్వేది. నవ్వి, నవ్వి, కళ్ళు తుడుచుకుని, "నవ్వకపోతే యాడ సావల్ల?" అనేది. అట్లా నవ్వుతూనే ఎస్సై అయింది.

ట్రైనింగులో మేమంతా తుపాకీ మోసినవాళ్ళమే. యూనిట్‌కి వచ్చాక ఏడాదికోసారి ఫైరింగ్ ప్రాక్టీసు రోజు తప్ప మాకు ఆయుధాల గది తలుపు తెరుచుకునేది కాదు. "మీకెందుకమ్మా, బరువు," అనేవాళ్ళు. బరువట! బిందెలు బరువు కాదు, గ్యాస్ సిలిండరు బరువు కాదు, చంకన పిల్ల, భుజాన సంచి, చేతిలో టిఫిను క్యారియరు బరువు కాదు. నాలుగు కిలోల తుపాకీ బరువు. సలోమి మేడం ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా మా పోలీసు లైన్లకు వచ్చి, "ఒసే పద్మశ్రీ, మీ ఇంట్లో రోకలుండాదా?" అని అడిగింది.

ఉంది. మా అత్త కడప పక్కన మాధవరం నుంచి తెచ్చుకున్న రోకలి. కింద ఇనప పొన్ను, నున్నగా అరిగిన ఒళ్ళు, ఎత్తు నా భుజం దాకా. నిస్సీ వాళ్ళ అమ్మమ్మ రోకలి తెచ్చింది. నిస్సీ మా అందరిలో చిన్నది, నోరు మాత్రం పెద్దది. ఇంకొకరు అద్దె ఇంటి ఓనరమ్మ దగ్గర అరువు తెచ్చుకున్నారు. శాంతయ్య అన్న పంపించిన నాపరాళ్ళు క్వార్టర్స్ వెనక పరిచి ఉండేవి. వాటి మీద, ఆదివారం మధ్యాహ్నాలు, రోకళ్ళు భుజానికెత్తుకుని మా పరేడు మొదలైంది. ఆమె "సావధాన్" అంటే లైన్లలో కుక్కలు కూడా మొరగడం ఆపేవి. చర్చిలో పాటలు పాడిన గొంతు మరి.

మగవాళ్ళు మేడ మీద నుంచి చూసి పండగ చేసుకున్నారు. "ఏమ్మే, రాగులు దంచుతారా, దొంగల్ని దంచుతారా?" అని అరిచేవాడు మా మునీంద్రే. ఆ రాత్రి నేను అన్నం వడ్డిస్తుంటే, "నా పరువు తీస్తాండావు. ఆడోళ్ళు సమాధుల కాడికి రారు, మీకు గన్ పార్టీ యెందుకు?" అన్నాడు. మా అత్త దానికి తలూపింది. ట్రే పట్టుకుని నేను అక్కడికే పోతానని ఇద్దరికీ గుర్తు రాలేదు. మరుసటి ఆదివారం మళ్ళీ రోకలి ఎత్తుకున్నాను.

అన్నీ కుదిరాయి, ఒక్కటి కుదరలేదు. పొన్నులన్నీ బండ మీద ఒకేసారి పడాలి. టకటకా టకా అని పడేవి. "ఒకటే దెబ్బ వినపడల్ల! ఒకటే!" అని మేడం గొంతు చించుకునేది. మగవాళ్ళ గన్ పార్టీకే అది రాదు. అంతకు ముందు ఏడాది ఒక హెడ్ కానిస్టేబుల్ చనిపోతే వాళ్ళు కాల్చింది పేలాలు వేయించినట్టు వినబడింది. నేను ట్రే పట్టుకుని విన్నాను కదా. మేడం కూడా విన్నది. ఆ రోజే మాతో అన్నది, "నా సావుకు ఈ మొగపిల్లోళ్ళు వద్దే. మీరే కాల్చల్ల. ఒకటే దెబ్బ." అందరం ఆమె నోరు మూశాం. ఆమె మా వేళ్ళ సందుల్లోంచి కూడా నవ్వింది.

అప్పుడు నాకు మా అత్త గుర్తొచ్చింది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఒకే రోట్లో ఇద్దరం ఎదురెదురుగా నిలబడి జొన్నలు దంచేవాళ్ళం. నా రోకలి పోయి ఆమె రోకలికి తగిలేది. "నా రోకలిని సూడాకు. నా ఊపిరి ఇను," అని నేర్పించింది. దంచేటప్పుడు దెబ్బకు ముందు "ఉస్" అని ఊపిరి వదులుతారు. ఆ ఊపిరి చెవిన పడితే చాలు, రోకలి తనంతట తానే దాని వేళకు దిగుతుంది. అక్కడ ఒకరి తర్వాత ఒకరు, ఇక్కడ అందరూ ఒకేసారి, అంతే తేడా. ఇది చెప్పగానే మేడం నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. "ఇదే! ఇదే పిల్లా మనకు కావల్సింది!" ఆ పూట పొద్దు గూకేలోపు బండ మీద ఒకే ఒక్క దెబ్బ పడింది. దబ్! మేడ మీద నుంచి ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఇంటికి పోయి, నీ ఊపిరే పట్టించానని అత్తకు చెప్పాను.

సరే, మళ్ళీ నా గంజి దగ్గరికి వస్తాను. రెండు చొక్కాలూ ఆరేశాను. తెల్లారింది. మేడం చావే కాక మా ఇంట్లో ఆ రోజు ఇంకో కార్యం ఉంది. నా ఆడబిడ్డ శశికళకు బనగానపల్లె సంబంధం ఖాయమైంది, పెళ్ళి దగ్గర పడింది. ఆ పొద్దున్నే పసుపు దంచాలి. మామ రామప్ప పోయినప్పటి నుంచి మా అత్త మంచి పనుల్లో రోకలి ముట్టదు, ముట్టనివ్వరు. ఇంటి కోడలిని కాబట్టి మొదటి దెబ్బ నేనే వేయాలి. రోకలికి మామిడాకులు కట్టారు, పసుపు రాశారు. వీధి ముత్తైదువలు పాట అందుకున్నారు. అత్త దూరంగా తలుపు చాటున నిలబడింది. నేను రోకలి ఎత్తాను. అదే రోకలి. నా అరచేతికి అలవాటైన చోటు అలాగే ఉంది. దంచుతుంటే మేడం గుర్తొచ్చి, అప్పుడు వచ్చింది ఏడుపు. పసుపు ఘాటని అందరూ అనుకున్నారు.

ఫోను మోగింది. నిస్సీ. రొప్పుతోంది.

"అక్కా, యాడుండావు? శవప్పెట్టె లేపనీదంట! మేడం వాళ్ళమ్మ పెద్దమ్మవ్వ పెట్టె మీద చెయ్యేసి కూచోనుండాదంట. మొగోళ్ళ తుపాకులు నా వాకిట్లోకి రాగూడదు, నా బిడ్డ ఆడపిల్లోళ్ళు కాల్చల్లన్నాది, వాళ్ళు కాల్చేదాకా పెట్టె లేపనీను అంటాదంట! ఎస్పీ సార్ నాలుగింటికి వస్తాడు. ఆర్ఐ సార్ తల పట్టుకోనుండాడు. ఎవురికన్నా వచ్చునా అని అడిగినాడు. నాకు వచ్చు, మాకందరికీ వచ్చు సార్ అన్నా. అందురూ వచ్చినారు, నువ్వొక్కదానివే లేవు. నువ్వు లేకుంటే ఊపిరెవురు పట్టిస్తారు? రా అక్కా!"

రోకలి రోట్లోనే వదిలేశాను. ఆరిన చొక్కా కోసం లోపలికి పరుగెత్తితే మునీంద్ర అప్పటికే యూనిఫాంలో నిలబడి ఉన్నాడు, నేను పట్టించిన గంజితో నిటారుగా. ఆయన చేతిలోనూ ఫోను ఉంది. ముఖం మాడిపోయింది.

"మమ్మల్ని పక్కకుండమన్నారంట," అన్నాడు.

"ఊ," అన్నాను, గుండీలు పెట్టుకుంటూ.

"నువ్వు పోతాండావా?"

"పోతాండా."

"నేను లైన్లో మొకం యాడ పెట్టుకోవల్ల? పెండ్లాం తుపాకీ పట్టుకుంటే మొగుడు సూస్తా నిలబడినాడంటారు. ఒంట్లో బాగలేదని చెప్పు. ఒక మాట చెప్తే అయిపోతాది కదా!"

ఇన్నేళ్ళలో ఈయన నన్ను బతిమాలిన మొదటి మాట అది. అది కూడా నన్ను వెనక్కి లాగడానికే. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈలోగా అత్త తలుపు చాటు నుంచి ముందుకు వచ్చింది.

"పసుపు దంచిన చేతులే అవి. ఆ చేతులతో సమాధుల కాడికి పోతావా? ఆడది సమాధుల కాడికి పోయేది యాడన్నా ఉండాదా? నా బిడ్డకు మంచిదా ఇది?"

నా చేతులు చూసుకున్నాను. మణికట్టు దాకా పచ్చగా ఉన్నాయి. శశికి ఏమన్నా అయితే అన్న భయం నాకూ కలిగింది, అబద్ధమెందుకు? కానీ అటుపక్క ఒక తల్లి బిడ్డ పెట్టె మీద చెయ్యి వేసి మా కోసమే కూర్చుంది. మాకు వచ్చని నమ్మి కూర్చుంది. ఈ రోజు నేను పోకపోతే నిస్సీ వాళ్ళ దెబ్బ చెదురుతుంది. చెదిరితే, "చెప్పినాం కదా, ఆడోళ్ళకు ఇవి రావు," అంటారు. ఆ మాట మేడం సమాధి మీద శాశ్వతంగా కూర్చుంటుంది.

"అత్తా, ఆమె నాకు తల్లిలెక్క. నేను పోవల్ల," అన్నాను.

"వదినా, ఆటో కోసం నిలబడితే ఆలస్యమైతాది. నేను దింపుతా రా," అని ఒక గొంతు. చూస్తే పెళ్ళికూతురే! చెంపలకు పసుపు, చేతిలో స్కూటీ తాళం. "శశీ, పసుపు పూసినాక గడప దాటగూడదే!" అని అత్త, ముత్తైదువలు ఒకటే గోల. ఆ గోల మా వెనకాల ఉండగానే స్కూటీ వీధి మలుపు తిరిగింది. దారి పొడవునా జనం మమ్మల్నే చూశారు. ముందు పసుపు చెంపల పిల్ల, వెనక పసుపు చేతుల పోలీసు. శశి తల వెనక్కి తిప్పి, "నాకేం కాదులే వదినా, గట్టిగా కాల్చు," అని అరిచింది.

ఆయుధాల గది తలుపు మా కోసం బార్లా తెరిచి ఉంది. తుపాకీ చేతికి అందుకోగానే అందరం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. నిస్సీ బయటికే అనేసింది, "అక్కా, ఇది రోకలికంటే తేలికే!" చావు రోజని కూడా చూడకుండా అందరికీ నవ్వొచ్చింది.

ఆర్ఐ, అంటే మా రిజర్వ్ ఇన్‌స్పెక్టర్, క్రాంతి కుమార్ సార్ చెడ్డవాడు కాదు, మా మీద నమ్మకం లేనివాడు, అంతే. "ఒక గంట టైముంది. ఏమొచ్చో చూపించండి," అన్నాడు. తుపాకీ దించమని కమాండ్ ఇచ్చాడు. అందరం ఒక్కసారిగా దించాం, రోకలి దించినట్టు, భుజం బలంతో. తుపాకీ మడమలన్నీ మైదానం మీద దబ్‌మన్నాయి.

"ఓ తల్లుల్లారా! తుపాకీలమ్మా అవి! మైదానానికి బొక్క పెడతారా?" అని ఆయన చెవులు మూసుకున్నాడు. తర్వాత ఆయనకే స్ఫురించింది. "మళ్ళీ చేయండి. మెల్లిగా," అన్నాడు. ఈసారి కళ్ళు మూసుకుని విన్నాడు. ఉత్త తుపాకీలతో కాల్చే కమాండ్ ఇచ్చాడు. నేను "ఉస్" అని ఊపిరి వదిలాను. వరసంతా వదిలింది. ట్రిగ్గర్లన్నీ ఒకే టిక్కు.

"ఆ శబ్దమేంది?"

"ఊపిరి సార్," అన్నాను.

"ఎవరు నేర్పించారు?"

"సలోమి మేడం సార్. ఊపిరి మాత్రం మా అత్త నేర్పించింది."

ఆయన నా పసుపు చేతులు ఒకసారి చూశాడు. వ్యాన్ ఎక్కమన్నాడు.

బేతంచెర్ల దారంతా లారీలు, బండల దొంతరలు, తెల్లటి రాతి పొడి. ఊళ్ళోకి వ్యాను మలుపు తిరగగానే జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. మేము ఒక్కొక్కరం తుపాకీతో దిగుతుంటే వాకిట్లో ప్రార్థన పాట ఆగిపోయింది. పెద్దమ్మవ్వ తలెత్తింది. ఎండిపోయిన మనిషి, చూపు మాత్రం అచ్చం కూతురిదే. మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. నా దగ్గరికి వచ్చేసరికి నా చేతుల మీద ఆగింది.

"పసుపా?"

"అవునవ్వా. ఇంట్లో పెండ్లి."

"మంచిదే," అని పెట్టె మీద చెయ్యి తీసింది. "ఇంక లేపండప్పా."

సమాధుల తోటలో వరసగా నిలబడ్డాం. వరసలో నిలబడి, కళ్ళు కదపకుండా, ఎదురుగా చూస్తే, ఎవరు కనబడాలి? మునీంద్ర. నిటారైన గంజి చొక్కాలో, రెండు చేతుల్తో పూల ట్రే పట్టుకుని. ఆడవాళ్ళమంతా గన్ పార్టీలో ఉన్నాం కదా, ట్రేకి మనిషి కావాలి కదా. ఆర్ఐ సార్ ఆయన్ని జీపులో వెంటబెట్టుకొచ్చి నిలబెట్టాడు. నవ్వు గొంతు దాకా వచ్చింది. ఎస్పీ సార్ ఆలస్యంగా వచ్చాడు. అంతసేపూ మునీంద్ర ట్రే ఎత్తే పట్టుకుని ఉన్నాడు. మెల్లిగా ఆయన మోచేతులు వణకడం నేను చూశాను. ఆ వణుకు నాకు బాగా తెలుసు. మోచేతులను కడుపుకు ఆనించుకో అని చెప్పాలనిపించింది. చెప్పే వీలు లేదు.

"శోక్ శస్త్ర్!"

తుపాకీలు తలకిందులు చేసి, గొట్టం ఎడమ బూటు మీద ఆనించి, తల వంచాం. ఎన్ని ఆదివారాలు మా అత్త రోకలి నా కాలి వేళ్ళను నలిపిందో! బ్యూగిల్ ఊదారు. తర్వాత తుపాకీలు ఎత్తాం. ఆకాశం తెల్లగా మండుతోంది. నోరు ఎండిపోయింది. మేడం, విను. నువ్వు పండుకొని విను.

ఉస్.

ఒకటే దెబ్బ!

ఎదురుగా గుట్ట నుంచి అది తిరిగి వచ్చింది, అదీ ఒకటే. జనంలో ఎవరో "అబ్బా!" అన్నారు. రెండోసారి, ఒకటే దెబ్బ. నిస్సీ భుజం నా పక్కన వణుకుతోంది, ఏడుపో నవ్వో తెలియదు. మూడోసారి ఊపిరి వదిలేటప్పుడు నా ఊపిరి కంటే ముందు ఇంకెవరిదో ఊపిరి వినిపించినట్టయింది. ఎవరిదని అడగకండి. ఒకటే దెబ్బ! పొగ మా తలల మీదుగా పోయింది. నా జన్మలో అంత సంతోషం, అంత దుఃఖం ఒకే చోట ఎప్పుడూ నిలబడలేదు. పెద్దమ్మవ్వ చేతులు రెండూ పైకెత్తి, "ఇన్నావా బిడ్డా, ఇన్నావా?" అని పెట్టెను అడుగుతోంది.

యూనిట్‌కి తిరిగొచ్చి తుపాకీలు అప్పజెప్పాక, ఇంటికి ఆయన బండి మీదే వచ్చాం. గేటు ముందు ఆయన బండి ఆపి, దిగి, పక్కన నిలబడ్డాడు. నేనూ దిగి నిలబడ్డాను. ఆయన నా వైపు చూశాడు. నేను కదల్లేదు.

"నీళ్ళు తేమ్మే," అన్నాడు, అలవాటుగా.

"నేను గూడ సమాధుల కాడినుంచే వస్తాండా," అన్నాను.

ఇంతకు ముందూ అక్కడి నుంచే వచ్చేదాన్ని. ఇంతకు ముందూ నా కాళ్ళు ఇంతే పీకేవి. ఆ మాట అనడానికి ఒక మనిషి చావాల్సి వచ్చింది, అంతే.

వీధి దీపం వెలిగింది. ఇద్దరం అట్లాగే నిలబడ్డాం. తలుపు తెరుచుకుని అత్త వచ్చింది. చేతిలో నిండు బకెట్టు. పొద్దుటి కోపం ముఖంలో అలాగే ఉంది. బకెట్టు మా ఇద్దరి మధ్య దబ్బున పెట్టింది. పోబోతూ ఆగి, నన్ను కాదు, బకెట్టును చూస్తూ అడిగింది.

"ఊపిరి కుదిరినాదా?"

"కుదిరినాది అత్తా. మూడుసార్లూ."

ఆమె పెదవి మూల కొద్దిగా కదిలింది. కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. వెళుతూ తలుపు మూయలేదు.

మునీంద్ర వంగి చెంబు అందుకున్నాడు. నేను ఆ చెంబు మీద చెయ్యి వేశాను.

"కాల్చినోళ్ళకు ముందు కదప్పా, నీళ్ళు."

ఆయన తలెత్తి చూశాడు. గుర్తొచ్చింది. కళ్ళలో కనబడింది నాకు, ఆ మాట తనదేనని గుర్తు రావడం. లాక్కుంటాడనుకున్నాను. లాక్కోలేదు. నేను రెండు చేతులూ చాపాను. ఆయన చెంబు ముంచి, మెల్లిగా, నా చేతుల మీద పోశాడు. తుపాకీ మసి పోయింది, పసుపు అట్లాగే ఉంది.

"ఒకటే దెబ్బ పడినాది," అన్నాడు నీళ్ళు పోస్తూనే, గొంతు తగ్గించి. "మాకు ఎప్పుడూ అట్ల పడలేదు." మళ్ళీ తనే, "ట్రే పట్టుకుంటే చేతులింత నొప్పి పుడతాయని నువ్వెప్పుడూ చెప్పలేదే?"

"చెప్పినా. నువ్వు బూట్లు విప్పుకుంటాండావు అప్పుడు."

ఆయన ఇంకో చెంబు ముంచాడు. దండెం మీద పొద్దున ఆయన విడిచిన చొక్కా వేలాడుతోంది, రేపటి డ్యూటీకి గంజి పెట్టాల్సింది. ఎప్పటిలాగే నా చూపు దాని మీదికి పోయింది. ఎప్పటిలాగే అది నా పనే అన్నట్టు నా చేతులు కదలబోయాయి. నేను ఆ చేతులను ఆయన పోస్తున్న నీళ్ళ కింద అలాగే ఉంచాను.

"బాగా పొయ్యి," అన్నాను. "నాదయినాక నువ్వు పోసుకో. తర్వాత లోపలికి రా, గంజి ఎట్ల కాయల్లనో నేర్పిస్తా."